ఎడమ చెయ్యి

చేతులు మరిచిపోవనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఈత మరిచిపోతామా, సైకిలు మరిచిపోతామా, ఇదీ అంతే అని. నడుముకు దెబ్బ తగిలి ఆఫీసు కుర్చీకి పరిమితమైన రెండేళ్లూ జయకుమార్ తనకు తాను అదే చెప్పుకున్నాడు.

బేతంచెర్లలో ఆ ఉదయం వసారా నాపరాళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి. అతడు ప్లాస్టిక్ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కుడిచేతిలో లేని కర్ర, ఎడమచేతి పక్కన లేని పిడి. సైన్యంలో అతనిలా హెలికాప్టర్ నడిపేవాళ్లు నేల మీద ఇట్లాగే సాధన చేస్తారు. ఎదురుగా భార్య ప్రసన్నకుమారి శెనక్కాయలు వొలుస్తూ ఒక్కో ప్రమాదం పేరూ చెబుతోంది. పెళ్లయినప్పటి నుంచీ అట్లా చెప్పే పని ఆమెదే.

"ఇంజను ఆగింది," అంది.

ఎడమచేతి పిడిని వెంటనే కిందికి దించాలి. పైకి లాగితే నెత్తి మీద తిరిగే రెక్కల వేగం పడిపోతుంది. ఆ తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు.

అతని చెయ్యి పైకి లేచింది.

"పైకి పోయింది," అంది ప్రసన్న, వొలవడం ఆపి.

"లేదు."

"నిన్న కూడా పోయింది. అలిసిపోయినారేమోలే అని ఊరుకున్నా."

అతడు కుర్చీ ఎత్తు సరిగా లేదన్నాడు. నిజమైన సీటులో చెయ్యి దానంతటదే దిగుతుందన్నాడు. మళ్లీ ఎగరనిచ్చే ముందు సోమవారం పరీక్ష. పెట్టేది శివజ్యోతి, ఒకప్పుడు అతని దగ్గర నేర్చుకున్న అమ్మాయి. గురువును ఆమె ఎక్కువ పరీక్షించదు, రెండు చుట్లు తిప్పి సంతకం పెట్టేస్తుంది. అతని ధీమా అదే. నిద్ర పట్టనివ్వనిదీ అదే.

"ఉండేది ఉన్నట్టు చెప్పుకుంటే ఏమవుతాది?"

"మొదటి పాఠం నుంచి కూచోబెడతారు. నేను నేర్పిన పిల్ల దగ్గర. ఈడ చూస్తే నేను మళ్లీ ఎగరబోతున్నానని అమ్మ ఆదివారం చర్చిలో కృతజ్ఞత ప్రార్థన పెట్టించింది."

"మీ ఎనక కూచునే జవాన్లకు మీ చెయ్యి సంగతి తెలుసునా?"

అతడు తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. ఎగరడం మరిచిపోలేదు తను. చెడ్డ క్షణంలో మొదట చేయాల్సింది ఏదో, అదొక్కటే చెదిరిపోయింది. పడిపోతానన్న భయం కంటే, తెలియనివాడిగా కనపడతానన్న భయమే తనలో పెద్దదని ఇప్పుడు తెలుస్తోంది.

గుమ్మంలో తల్లి విశ్వాసమ్మ నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"ప్రార్థన యాడికీ పోదులే నాయనా. పాస్టరయ్యకు నేను చెప్పుకుంటా," అని కొడుకు ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

కాసేపటికి ఫోన్ తీశాడు. అవతల శివజ్యోతి "సార్" అంది.

"సోమవారం పరీక్ష వద్దమ్మా," అన్నాడు. "కొత్తగా వచ్చినవాడికి ఎట్లా నేర్పుతావో, నాకూ అట్లా నేర్పు."