మందు లేని వారం

"పదకొండింటికి మోడల్ చెప్పినట్టు ట్రీట్‌మెంట్. దాన్ని చెడగొట్టడానికి విదేశీ మందుల ముఠా మనిషి హాస్పిటల్ లోపలే ఉన్నాడు," అన్నాడు చీఫ్. "మొదటి పేషెంట్ మా చెల్లెలు. ఈ కంప్యూటర్ మోడల్ ఫెయిలైతే క్యాన్సర్‌కి వాళ్ళ ఖరీదైన మందే దిక్కు. నువ్వు సర్వర్ రూం కనిపెట్టుకుని ఉండు."

ఏజెంట్ గద్ద తలూపాడు. ఆ మోడల్ తయారుచేసింది అతని భార్యే. రోజూ ఆమె పక్కన కూర్చుని దాన్ని చూసేది మాత్రం ఒక అందగాడైన డాక్టర్. గద్దకి కడుపు మండేది అక్కడే.

ఏసీ మెకానిక్ వేషంలో లోపలికెళ్ళగానే మల్లె ఎదురైంది. డిపార్ట్‌మెంట్ ముందే అక్కడ పెట్టిన ఏజెంట్. సైంటిస్టు కోటు వేసుకున్నా ఫ్యాషన్ షోలో నడుస్తున్నట్టే ఉంటుంది.

"నా అనుమానం డాక్టర్ మీదే," అని గుసగుసలాడింది. "సర్వర్ నేను చూసుకుంటాలే."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. గద్ద స్క్రూ సైజు మైక్ తీసి డాక్టర్ టేబుల్ కింద అంటించాడు.

చెవిలో భార్య గొంతు. "ఈ వారం మందు ఆపేయమంటోంది మోడల్. మందుకి లొంగే కణాలే మొండి కణాల్ని ఎదగనివ్వకుండా అడ్డుపడుతున్నాయి. లొంగేవన్నీ చంపేస్తే ఇక మొండివాటికి అడ్డేముంది?"

"ఇంకోసారి చెప్పండి మేడం," అన్నాడు డాక్టర్.

ఆమె నవ్వుతూ మళ్ళీ చెప్పింది. గద్ద పళ్ళు నూరాడు. ఇంటి తాళాలెక్కడున్నాయో కూడా తనకింత ఓపిగ్గా చెప్పదే! అసూయతో ప్రతి మాటా విన్నాడు.

పదకొండైంది. చీఫ్ చెల్లెలి గది అద్దంలోంచి చూస్తే, నర్సు మందు బ్యాగు తగిలించి డ్రిప్ వదులుతోంది. గద్ద తలుపు తోసుకుని వెళ్ళి ట్యూబుని పిడికిట్లో నలిపి పట్టుకున్నాడు. మందు అప్పటికే సగం ట్యూబు దాటింది.

"ఏంటయ్యా ఇది? స్క్రీన్ మీద ఫుల్ డోస్ అనే ఉంది!" అంది నర్సు.

"ఎవరో మార్చారు సిస్టర్. ఈ వారం మందు లేదు. నేను చెవులారా విన్నాను."

సర్వర్ దగ్గరున్నది ఒక్కతే. వెనక మెట్ల మీద మల్లె దొరికింది.

"నీ కుళ్ళుని నమ్ముకునే ఈ పనికి దిగాను," అంది బేడీలు పడుతుంటే. "నువ్వు వాళ్ళిద్దర్నీ అనుమానిస్తావనుకున్నా గానీ, ఆవిడ చెప్పేది వింటావనుకోలేదు."

విషయం తెలిసి భార్య పరుగెత్తుకొచ్చింది. గద్ద చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పదేళ్ళుగా మొదటి మాటకే ఆవలించేవాడివి. ఇవాళ పూర్తిగా విన్నావు! అంతా డాక్టర్ గారి పుణ్యం. ఆయనకో థాంక్స్ చెప్పు."

దేశం కోసం గద్ద విమానంలోంచి దూకాడు, బాంబు పక్కన పడుకున్నాడు. ఆ ఒక్క థాంక్స్ మాత్రం గొంతు దాటి రాలేదు.