తమ్ముడు ఫైనాన్స్‌లో ఉన్నాడు

"బ్యాంకు దోపిడీ ఎప్పుడైనా ఆపావా, ఏజెంట్?"

"ఆపాను సర్."

"ఈసారి దొంగలు లోపలికి రారు. బయట క్యూ కడతారు."

చీఫ్ అనంతరామయ్య స్లయిడ్ మార్చాడు. 2008 అక్టోబరు. అమెరికాలో బ్యాంకులు కూలుతుంటే ఢిల్లీలో జనానికి నిద్రపట్టడం లేదు. ఒక విదేశీ ముఠా తన దగ్గర లేని యమునా కమర్షియల్ బ్యాంకు షేర్లను ముందే అమ్మేసింది. బ్యాంకు కూలితే కారుచౌకగా కొని, లాభం జేబులో వేసుకుంటుంది. అందుకే గవర్నమెంటు క్వార్టర్లుండే ఆర్.కె. పురం బ్రాంచి ముందు, డబ్బు తీసుకోడానికొచ్చినట్టు కిరాయి మనుషుల్ని నిలబెడుతోంది. ఆ క్యూ పదకొండింటికి టీవీలో లైవ్ వస్తే చాలు, ఊరూరా క్యూలే.

"మధ్యాహ్నం గవర్నమెంటు రెస్క్యూ ప్యాకేజీ ప్రకటిస్తుంది. అప్పటిదాకా బ్యాంకు నిలబడాలి. తర్వాతి సంగతి నీకనవసరం."

ఏజెంట్ ఉమాశంకర్ తలూపాడు. లోకానికి అతను ఫైనాన్స్ మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసర్. ఆ మాట నమ్మినవాళ్లలో సొంత అక్క కూడా ఉంది.

నెరిసిన విగ్గుతో, టిఫిన్ కారియర్‌తో బ్రాంచి దగ్గర దిగాడు. పై గిన్నెలో పెరుగన్నం, కింది గిన్నెలో మొబైల్ జామర్. టీవీ వ్యాన్ పక్కన ఎర్ర స్కార్ఫ్, నల్లకళ్లద్దాలతో చాందిని. పేరుకి రిపోర్టర్. జీతం ముఠాది, సమాచారం చేరవేసేది మనకి.

"అంకుల్, యహాఁ పెసరట్టు దొరుకుతుందా?"

"మంగళవారం సెలవు."

కోడ్ కలిసింది. "కిరాయివాళ్లకి ఆర్డర్లన్నీ ఫోన్లోనే," గొణిగింది.

అతను జామర్ నొక్కాడు. ఫోన్లు మూగబోయాయి. ఆర్డర్లు రాక కిరాయివాళ్లు మెల్లగా చాయ్‌కి జారుకున్నారు. కానీ వాళ్ల వెనక అప్పటికే అసలు జనం చేరిపోయారు. "ఫోన్లు కూడా కోసేశారు!" అని ఎవరో అరిచారు. క్యూ రెండింతలైంది. సర్కారువారి గాడ్జెట్ గోరుచుట్టు మీద రోకలిపోటైంది.

చాందిని నవ్వలేదు. "మేం అగ్గిపుల్ల గీశామంతే అంకుల్. గడ్డివాము పేర్చింది ఈ బ్యాంకు ఛైర్మనే. జనం డిపాజిట్లన్నీ అల్లుడి మాల్స్‌కి అప్పులిచ్చాడు. లోపల ఖాళీ. ప్యాకేజీ రాగానే ఆర్నెల్లు విత్‌డ్రాయల్స్ ఫ్రీజ్, ఎవరికీ పైసా ఇవ్వరు. పక్కా ఖబర్."

అప్పుడు చూశాడు, క్యూ ముందు వరసలో అక్క సుభద్రని. బావ ఉద్యోగంలో ఉండగానే పోయాడు. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఆయన పి.ఎఫ్. డబ్బంతా ఇక్కడే ఉంది. ఫరీదాబాద్‌లో రెండు గదుల ఫ్లాటుకి రేపే రిజిస్ట్రేషన్.

"సుభద్రా ఆంటీ, మీ తమ్ముడు ఫైనాన్స్‌లో కదా, ఏమంటున్నాడు?" చుట్టూ అందరిదీ అదే ప్రశ్న. ఆర్.కె. పురంలో పేపరు చెబితే నమ్మరు, మినిస్ట్రీలో ఉన్న ఎవరి చుట్టమో చెబితే నమ్ముతారు.

అక్కకీ కౌంటరుకీ మధ్య ఇద్దరే ఉన్నారు. లైవ్‌కి ఇంకా ఐదు నిమిషాలే ఉంది. ఈ క్యూ తెరమీద కనిపిస్తే సాయంత్రానికి దేశమంతా ఎందరో సుభద్రలు రోడ్డున పడతారు. అతను విగ్గు పీకేసి ముందుకు నడిచాడు.

"ఒరేయ్ శంకరం! నువ్వేంట్రా ఇక్కడ?"

"ఇంటికెళ్లక్కా. బ్యాంకుకేం ఢోకా లేదు."

"రేపు రిజిస్ట్రేషన్ కదరా..."

"రేపు పొద్దున్నే తీసుకుందువుగాని. నేను చెబుతున్నాగా."

ఆమె చెక్కు మడిచి బ్యాగులో పెట్టుకుని వెనక్కి తిరిగింది. "మా తమ్ముడు చెప్పాడు. పదండమ్మా."

కెమెరా ఎర్రలైటు వెలిగేసరికి చాందిని వెనక ఖైనీ నలుపుతున్న సెక్యూరిటీ గార్డు ఒక్కడే మిగిలాడు.

బ్యాంకు గట్టెక్కింది. ముఠా నిలువునా మునిగింది. ఛైర్మన్ అనారోగ్యమని రాజీనామా చేసి బంగళాలో విశ్రాంతి తీసుకుంటున్నాడు. విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. ఫ్లాటు ఇంకెవరో కొనుక్కున్నారు.

నెలాఖరున సుభద్ర జియా సరాయ్‌లో, కోచింగ్ పిల్లల మధ్య, మూడో అంతస్తులో ఒంటిగదికి మారింది. సామాను మోస్తూ ఉమాశంకర్ మెట్లమీదే కూలబడ్డాడు. నిజం చెప్పే హక్కు అతనికి లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

సుభద్ర కొంగుతో అతని మొహం తుడిచింది. "నువ్వేం చేస్తావురా? అంత పెద్ద సంగతులు నీలాంటి చిన్నోడికి పైవాళ్లు చెబుతారా? ఊరుకో నాన్నా."

అప్పుడే చీఫ్ ఫోన్. "కంగ్రాట్స్! నీకు మెడల్ శాంక్షన్ అయింది. మనవైపు నష్టం నిల్ అని రిపోర్టు రాశాను. కరెక్టే కదా?"

"కరెక్టే సర్," అని ఉమాశంకర్ గ్యాస్ సిలిండర్ భుజానికెత్తుకున్నాడు.