మసి కింది ఐరేని కుండ

కుండను బోర్లించి, అడుగున మేకు ఆనించి, సుత్తితో చిన్నగా ఒక్క దెబ్బ వేసింది జ్యోతిరాణి. టుక్కుమని చిల్లు పడింది. కుండ పగలలేదు, బీట కూడా వారలేదు! "అబ్బ, ఎంత మంచిగ పడ్డది!" అని తనలో తనే మురిసిపోయింది. ఇందులో మట్టి నింపి మనీప్లాంటు పెట్టి కిటికీకి వేలాడదీస్తే, ఫోనులో చూసిన వంటింటికి తమ వంటింటికి తేడా ఏముంటుంది? ఆ సంబరంతోనే తడిగుడ్డ తీసుకుని కుండ మీది మసి తుడవసాగింది... మసి కింద తెల్లటి సున్నం చుక్క ఒకటి కనిపించింది. ఇంకాస్త తుడిచింది. ఎర్రమన్ను గీత! దాని పక్కన మరో గీత! జ్యోతిరాణి చేతిలోంచి గుడ్డ జారిపోయింది. అది అత్తగారి ఐరేని కుండ! రాములవ్వ పెళ్లినాడు కుమ్మరింటి నుంచి డప్పుల మోతతో, ముత్తైదువలు నెత్తిన పెట్టుకుని తెచ్చి పెళ్లిపందిట్లో దేవుడి ముందు నిలిపిన కుండ!

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నిజామాబాదు ఆసుపత్రి నుంచి భర్త పరమేశ్వర్.

"జ్యోతీ, బాపును లోపలికి తీస్కపోయిండ్రు. ఆపరేషన్ సురువైతున్నదట. అవ్వ బయట కూసొని ఏడుస్తున్నది. నువ్వు గూడ జర దేవునికి మొక్కు..."

చిల్లు పడ్డ కుండ జ్యోతిరాణి ఒళ్లో ఉంది. మామ గుండె డాక్టర్ల చేతిలో ఉంది...

అసలు ఆ పనంతా మామ కోసమే మొదలైంది. బోధన్‌లో వాళ్ల వంటింటిని చూసినవాళ్లెవరూ మరచిపోరు. గ్యాసు పొయ్యి ఉన్నా రాములవ్వ జొన్నరొట్టెలు మాత్రం కట్టెల పొయ్యి మీదే చేయాలి. ఆ పొగ గోడలెక్కి, దూలాలెక్కి, పక్క గదిలో పడుకునే మామ సిద్దిరాములు ముక్కులోకి ఎక్కేది. "మా వంటింట్లకు తెల్ల పిల్లి పోతే నల్ల పిల్లి బయటికొస్తది, దాని పిల్లలే దాన్ని గుర్తువట్టయి" అని సిద్దిరాములు ఊరంతా చెప్పేవాడు. నిజాంసాగర్ గేట్లన్నీ ఎత్తి ఆ నీళ్లన్నీ తమ గోడకు కొట్టినా మసి పోదని పందెం కాసేవాడు. అలా నవ్వుతూ నవ్వుతూనే ఒకనాడు గుండె పట్టుకుని కూలబడిపోయాడు! "ఇంటికొచ్చినంక ఈయనకు పొగ తగలొద్దు" అన్నాడు డాక్టరు. ఆ మాట విని కొడుకు, కోడలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొత్త వంటిల్లు కట్టించే తాహతు ఎక్కడిది? ఉన్నదాన్నే మార్చుకోవాలి.

మార్చారు కూడా! అత్త ఆసుపత్రిలో మామ దగ్గర ఉండగానే కట్టెల పొయ్యిని పెరట్లోకి మార్చి, పైన రేకు వేసి గొట్టం పెట్టారు. పరమేశ్వర్ మోటార్ల వైండింగు దుకాణంలో ఎవరో వదిలేసి పోయిన గాలి లాగే ఫ్యాను ఒకటి ఉంటే, దానికి కొత్త తీగ చుట్టి గోడకు బిగించాడు. అరలకున్న షాబాదు బండలు నూనె జిడ్డుతో ఎంత తోమినా తేలకపోతే, ఎత్తి తిరగేసి పెట్టారు. అడుగు పక్క నిన్న గనిలోంచి తీసినంత శుభ్రంగా బయటపడింది! టైల్సు దుకాణంలో మిగిలిపోయిన ముక్కలు రంగు రంగులవి తెచ్చి గ్యాసు పొయ్యి వెనక అతికించారు. గోడలను సోడా నీళ్లతో రుద్ది, సున్నంలో నీలిమందు కలిపి వేశారు. అలమర తలుపులకు దుకాణం షట్టరుకు వేయగా మిగిలిన పచ్చరంగు. అత్త వచ్చి చూసి ముక్కున వేలేసుకోవాలని జ్యోతిరాణి ఆశ! ఆ ఆశే ఆమెను అటకెక్కించింది. అక్కడ మూలన చిక్కుడు విత్తనాలు పోసిన నల్లటి కుండ దొరికింది. ఆమె పెళ్లి ఐరేని కుండ ఎనామిల్ రంగులతో, నీలి పూలతో దేవుడి మూలన మెరుస్తూ ఉంటుంది. ఇంత మసిబారినది కూడా ఐరేని కుండే అయి ఉంటుందని ఆమెకు ఎలా తెలుస్తుంది?

గోడ పక్కింటి శ్యామలమ్మ పెరుగు తోడుకోసం గిన్నె పట్టుకుని వచ్చింది. ఆవిడ ఓదారిస్తే మంచి ఆరోగ్యంతో ఉన్నవాళ్లు కూడా మంచం పట్టాల్సిందే!

"ఓ యమ్మా! గిది రాములక్క ఐరేని కుండ గాదె? దీనికి సిల్లెట్ల పడ్డది పోరీ?"

"నేనే... నేనే కొట్టిన అక్కా! విత్తనాల కుండ అనుకున్న..."

"ఆలుమగల ఆయువంత గా కుండలనే ఉంటదంటరు గదనే! మా మేనత్తది గిట్లనే పలిగి, ఏడాది తిరగకముందే మా మామ..." శ్యామలమ్మ సగంలో నాలుక కరుచుకుంది. "ఏం గాదులే. నువ్వేం భయపడకు. గింత తోడు పెరుగు ఉంటె ఇయ్యి."

భయపడకూడదా? ఎలా భయపడకుండా ఉండాలి? జ్యోతిరాణికి తను కొట్టిన సుత్తి దెబ్బ నిజామాబాదుదాకా వినిపించినట్టే అనిపించింది! తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు రొట్టె తట్టడం రాకపోతే, తన పక్కన కూర్చోబెట్టుకుని చేయి పట్టి నేర్పిన అత్త! ఆ అత్త నుదుటి బొట్టు మీదికి తన చేత్తోనే ముప్పు తెచ్చిందా? దేవుడి మూలకు చూసింది. నీలి పూల కుండ మెరుస్తోంది, తనది, చెక్కు చెదరనిది. ఆలోచించడానికి కూడా ఆగలేదు పిచ్చితల్లి! తన కుండ తీసి, పొయ్యిలోని మసి అరచేతులతో దానికి పూసింది, నీలి పూలన్నీ మాయమయ్యేదాకా పూసింది. చిక్కుడు విత్తనాలు అందులో పోసి అటక మీద అత్త కుండ ఉన్నచోట పెట్టింది. చిల్లు కుండను తన కుండ ఉన్నచోట పెట్టి ఎర్రటి రవికె ముక్క కప్పింది. "తల్లీ... వచ్చేదేదైనా ఉంటె గిటు రానియ్యి. ఆమె దిక్కు పోనియ్యకు..." అని నేలకు నుదురు ఆనించింది.

పొద్దు వాలేవేళ ఫోను వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. సిద్దిరాములు కళ్లు తెరిచి, నర్సమ్మతో "బిడ్డా, లోపల గుండె ఉన్నదా, మా ముసల్ది ముందుగాలనే తీస్కున్నదా?" అని అడిగాడట! జ్యోతిరాణి నవ్వింది, ఏడ్చింది. మరుక్షణం తన మొక్కు గుర్తొచ్చింది. 'వచ్చేదేదైనా ఉంటే ఇటు రానీ' అని మొక్కుకుంది కదా... ఇటు అంటే ఎవరు? ఆమె కుండలో ఉన్న ఆయువు ఆమె ఒక్కదానిదా? పరమేశ్వర్‌ది కాదూ!

ఆ క్షణం నుంచి ఆమెకు కొత్త భయం పట్టుకుంది. భర్త బండి తీస్తే భయం. కరెంటు పని చేస్తుంటే భయం. స్నానాలగదిలో కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టేది.

"ఏందే, నన్ను గిట్ల కావలి కాస్తున్నవ్? నేను ఎటు పారిపోత?" అని నవ్వేవాడు పరమేశ్వర్.

"ఏం లేదు... నిమ్మలంగ పోయి రా. చెరుకు ట్రాక్టర్ల పక్క పోకు."

"చెరుకు ట్రాక్టర్లను తప్పించుకొని మన రోడ్ల మీద పోవాలంటె రెక్కలు మొలవాలె!"

ఆమె గుమ్మం దాకా వచ్చి, బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది.

సిద్దిరాములు ఇంటికి వచ్చాడు. రాములవ్వ వంటింటి గడప మీద నిలబడి చాలాసేపు చూసింది. తిరగేసిన బండలు చూసింది, రంగుల టైల్సు ముక్కలు తడిమింది, ఫ్యాను వేయించి చూసింది. "నా పొయ్యి పెరట్లకు పోయిందా!" అంది గానీ కోపం కాదు. మెల్లగా అంది, "ఇగ మీ మామకు పొగ తగలదు. మంచి పని చేసిండ్రు." ఆ మెచ్చుకోలు కోసమే ఇంత కష్టపడింది జ్యోతిరాణి. అది దొరికిననాడు తలెత్తి అత్త ముఖం చూడలేకపోయింది!

అసలు గండం ఆ మరునాడే వచ్చింది. మందులు తేవడానికి నిజామాబాదు వెళ్లిన పరమేశ్వర్ మధ్యాహ్నానికల్లా రావాలి. ఎడపల్లి దాటానని ఫోను చేశాడు. ఎడపల్లి నుంచి బోధన్ ఎంత దూరం? అన్నం వార్చేలోపు రావచ్చు. అన్నం చల్లారింది. పప్పు చల్లారింది. ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడంలేదు. మళ్లీ చేసింది. మళ్లీ... గోడ అవతల నుంచి శ్యామలమ్మ కేకేసింది:

"జ్యోతీ, తొవ్వల ఎవరిదో బండి ట్రాక్టర్ కిందికి పోయిందంటున్నరే! మన పరమేశ్వర్ ఇంట్లనే ఉన్నడా?"

జ్యోతిరాణి పిచ్చిదానిలా వంటింట్లోకి పరిగెత్తింది. పీట మీదికెక్కి అటక మీది కుండను రెండు చేతులతో లాగింది. తన కుండ తన చోటికి తెచ్చేయాలి! భర్తను కాపాడుకోవాలి! లాగింది గానీ... దించలేకపోయింది. ఇది దించితే ఆ చిల్లు కుండ మళ్లీ ఇక్కడికి ఎక్కాలి. పక్క గదిలో మంచం మీద మామ దగ్గుతున్నాడు. ఇప్పుడిప్పుడే కుట్లు మానుతున్న మనిషి! ఇటా? అటా? ఎవరిని ఉంచుకుని ఎవరిని వదులుకోవాలి? కుండను గుండెకు హత్తుకుని పీట మీదే కొయ్యబారిపోయింది. ఆమె కన్నీళ్లు పడ్డచోట మసి కారి, కింద నీలి పువ్వు బయటపడింది.

"జ్యోతీ! ఏమైందే?" రాములవ్వ గడపలో ఉంది. "గది... గది నీ కుండ గాదె?"

ఇక ఆగలేదు. పీట మీద నుంచే అంతా చెప్పేసింది, మేకు సంగతి, ఫోను సంగతి, మొక్కు సంగతి. "నన్ను కొట్టు అత్తమ్మా! నన్ను సంపెయ్యి! నీ కుండకు నేనే సిల్లు వెట్టిన... నీ కొడుకు రాకపోతె గది గూడ నేను జేసిందే!"

రాములవ్వ మొదట కుండ చూసింది, తరువాత వీధి తలుపు చూసింది. "నా కొడుకు మీదికి మలిపినవా!" అని అరిచి నెత్తి కొట్టుకుంది. అంతటి అత్తను అలా చూడడం జ్యోతిరాణికి అదే మొదలు! ఆ అరుపుకు మంచం మీది నుంచి సిద్దిరాములు గోడ పట్టుకుని లేచి వచ్చాడు.

"ఏందే లొల్లి? నా కుండకు సిల్లు వడ్డదా? డాక్టర్లు నా రొమ్ము మీద పెట్టిన కుట్లు సూసినవా? గంత జేసినా నేను కారుతున్ననా?"

ఎవరూ నవ్వలేదు. ముసలాయన కూడా నవ్వలేదు. కోడలి చేతుల మసి, ముఖం నిండా కన్నీళ్లు చూశాడు. భార్య వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు: "రాములూ, గా పిల్ల గిన్ని దినాలు ఒక్కతే భయపడ్డదే."

ఆ మాట రాములవ్వకు ఎక్కడో తగిలింది. ఆపరేషన్ గది బయట ఎవరూ లేని బల్ల మీద తను ఒక్కతే కూర్చుని వణికిన వణుకు ఆమెకు తెలుసు. ఆ పూటంతా ఇక్కడ ఈ పిల్ల కూడా అలాగే వణికింది... తన కోసం! అత్త బొట్టు నిలవడానికి ఈ పిల్ల తన పసుపుకుంకుమలనే పణంగా పెట్టింది! రాములవ్వ కొంగుతో కళ్లొత్తుకుని పీట దగ్గరికి వచ్చింది.

"దిగు బిడ్డా. గా కుండ ఇటియ్యి."

"వద్దత్తమ్మా..."

"ఇయ్యమంటున్న గద! నా భయం నాకియ్యి. నువ్వెందుకు మోస్తవ్?"

కుండను తీసుకుని కొంగుతో మసంతా తుడిచి, నీలి పూలు మెరిసేదాకా తుడిచి, దేవుడి మూలన నిలిపింది. ఎర్రటి రవికె ముక్క కింద నుంచి తన చిల్లు కుండను తీసింది. అడుగున చిల్లును వేలితో తడిమింది. భయం లేదని ఆమె అనలేదు. అబద్ధం ఎందుకాడుతుంది? భర్త ముఖంలోకి చూసింది.

"ఏమంటవయ్యా?"

"మళ్ల అటక మీదనే పెట్టు" అన్నాడు సిద్దిరాములు. "నాది నాకే ఉండనియ్యి. ఇగ ఆ పిల్ల జోలికి పోకు."

రాములవ్వ తనే పీటెక్కి చిల్లు కుండను అటక మీద పెట్టింది. దిగేటప్పుడు కోడలి భుజం పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు. ఏడుస్తూనే చెవులు మాత్రం వీధి వైపే పెట్టారు.

చివరికి బండి చప్పుడు వినిపించింది. పరమేశ్వర్ లోపలికి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము, మోకాలు దగ్గర ప్యాంటు చినిగింది, మనిషి మాత్రం నిండుగా ఉన్నాడు!

"చెరుకు ట్రాక్టర్ బోర్లపడ్డది అవ్వా, రోడ్డంత చెరుకే! బండి మీదికెల్లి కిందబడ్డ మనూరి పోశన్నను లేపి ఆసుపత్రికి పంపించే తండ్లాటల ఫోన్ ఎత్తలేకపోయిన. కాలుకు దెబ్బ, అంతే, బతికిపోయిండు. ఏంది, అందరు నన్ను గట్ల సూస్తున్నరు?"

జ్యోతిరాణి అతని చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది. సిద్దిరాములు మెల్లగా మంచం వైపు నడిచాడు. రాములవ్వ చల్లారిన పప్పును గ్యాసు పొయ్యి మీద పెట్టి, మూత తీసి రుచి చూసింది. కొత్త అరల వైపు చూసింది, పచ్చరంగు అలమర వైపు చూసింది. ఏ డబ్బా ఎక్కడుందో ఆమెకు ఏమీ తెలియలేదు. ఆ వంటింట్లో ఇన్నేళ్లుగా ఎవరినీ ఏదీ అడగని మనిషి, కోడలి వైపు తిరిగింది.

"ఉప్పు ఏడ పెట్టినవే బిడ్డా?"

"మామకు ఉప్పు వద్దన్నరు గద అత్తమ్మా!"

"గాయినకు గాదు, నీ మొగనికి. ఉప్పు మర్సిపోయినవ్, సప్పగున్నది."

జ్యోతిరాణి కళ్లు తుడుచుకుని, అత్త చేయి పట్టుకుని అలమర దగ్గరికి తీసుకుపోయింది. ఉప్పు ఎక్కడుందో, పసుపు ఎక్కడుందో, జొన్నపిండి ఎక్కడుందో ఒక్కొక్కటే చూపించసాగింది.