దేశం గడి

"వచ్చీసింది! వకుళమ్మా, వచ్చీసిందమ్మా!"

పలాస వార్డు తెర మీద నర్సు అప్పలకొండమ్మ ముఖం వెలిగిపోతోంది. చేతిలో ప్లాస్టిక్ కొలపాత్ర, దాని అడుగున లేత పసుపు ద్రవం.

"ఎంతక్కా?" వకుళ కుర్చీలోంచి సగం లేచింది.

"అరవై మిల్లీలీటర్లు! ఇన్నాళ్లకి మా నూకరత్నానికి ఒంటేలు దిగింది."

వకుళ చప్పట్లు కొట్టింది. విశాఖ సమతూక కేంద్రంలో పక్క బల్లల వాళ్లు ఒకసారి తల తిప్పి, మళ్లీ పనిలో పడ్డారు. పెళ్లయి పదకొండు రోజులైన పిల్ల దేనికైనా చప్పట్లు కొడుతుందని వాళ్లకి అలవాటైపోయింది. మధ్యాహ్నం క్యారేజీ అడుగు గిన్నెలో మొగుడు దాచిపెట్టిన రెండు జీళ్లు చూసి కూడా కొట్టింది.

నూకరత్నానికి నలభై ఒక్కేళ్లు. జీడిపప్పు బట్టీలో పని. ఈ అలలో వచ్చిన కోవిడ్ ముందు ఆమె ఊపిరితిత్తుల్ని పట్టింది, తర్వాత మూత్రపిండాల్ని ఆపేసింది. అప్పటి నుంచి ఆమె రక్తాన్ని డయాలసిస్ శోధకమే కడుగుతోంది. ప్రపంచంలో ఏ శోధకం ఏ మంచం పక్కన ఎన్నాళ్లుండాలో, ఇలాంటి కేంద్రాలు పంపే ఫారాలు చూసి, ధర్మకాటా అనే యంత్రం తేలుస్తుంది. దాని దగ్గర ప్రతి దేశానికీ ఒక సంపద గుణకం ఉంది. గుణకం ఎక్కువున్న దేశంలో రోగికి ఇరవై ఒక్క రోజులు, తక్కువున్న చోట ఆరు. పేద దేశాల్లో ఆరు రోజులు దాటాక మూత్రపిండాలు కోలుకున్న దాఖలాలు లేవన్నది దాని లెక్క. ఆరో రోజున శోధకం తీసేస్తే దాఖలాలు ఎక్కడినుంచి వస్తాయని ఎవరూ అడగలేదు. అలా తీసినవి ధనిక దేశాల నిల్వ కేంద్రాల్లో, ముందుజాగ్రత్త పేరుతో, ఊరికే పడి ఉంటాయి.

నూకరత్నానికి ఇవాళ ఆరో రోజు. నాలుగింటికి ఉపసంహరణ. ఇప్పుడు మూడూ ఇరవై. శోధకం పోతే, అప్పుడే కదిలిన మూత్రపిండాలు అంత బరువు మోయలేవు. ఆమె బతకదు.

వకుళ ముందున్న పట్టికలో మాత్రం మూత్రం సున్నా అనే ఉంది. వార్డులోని మాపకం తనంతట తానే కొలిచి పంపాల్సిన అంకె అది.

"అక్కా, మాపకం సున్నా చూపిస్తోందేంటి? సంచికి తగిలించలేదా?"

అప్పలకొండమ్మ గొంతు తగ్గింది. "అదా... బీరువాలో ఉందమ్మా."

"బీరువాలోనా!"

"కవరు కూడా ఇప్పలేదు. ఒకటే కదా పంపినారు, పాడైపోద్దని దాసినాను. మంచి రోజు సూసి తీద్దారనుకున్నాను."

వకుళకి నవ్వు ఆగలేదు. తన పెళ్లికొచ్చిన మిక్సీని అత్తగారు సరిగ్గా ఇలాగే దాచారు. "ఇంతకన్నా మంచి రోజు ఎప్పుడొస్తుందక్కా! తగిలించెయ్."

"ఇప్పుడు తగిలిత్తే ఏటి లాభం? ఆరు గంటల కొలత ఉండాలంటాది గదా నీ ధర్మకాటా. నా సేతి కొలత నమ్మదేటి? మా ఉద్దానంలో కిడ్నీల సంగతి పసిగుంటల్నడిగినా సెప్తారు. ఇరవై ఏళ్లుగా ఈ గిన్నెతోనే కొలుత్తన్నాను, ఒక్క చుక్క తేడా రాలేదు."

నమ్మదు. గుణకం సగానికి తక్కువైన దేశాల చేతికొలత ఫారంలోనే ఎక్కదు. వకుళ అక్కడికక్కడే రెండుసార్లు నింపింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. మూడోసారి మళ్లీ మొదలుపెట్టింది. పేరు, వయసు, అరవై మిల్లీలీటర్లు. కొలిచినది అప్పలకొండమ్మ, సాక్షి వకుళ. 'దేశం' అన్న గడి దగ్గర ఆమె వేలు ఆగింది. కావాలని గడి వదిలేస్తే ఉద్యోగం పోవచ్చు. కొత్త ఇంటికి ఇంకా కర్టెన్లు కూడా కొనలేదు.

ఆ గడి వదిలేసి, సంతకంగా బొటనవేలు ఆనించింది.

ధర్మకాటా ఎప్పుడూ అర సెకనుకి మించి తీసుకోదు. ఈసారి పదకొండు సెకన్లు పట్టింది. గుణకం లేకపోయేసరికి దాని ముందు ఒక మనిషి మాత్రమే మిగిలింది.

'కోలుకునే అవకాశం నూటికి అరవై ఎనిమిది. శోధకం ఇరవై ఒక్క రోజులు.'

"ఓలమ్మో!" అంటూ అప్పలకొండమ్మ అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వింది. "రత్నం, ఇన్నావా? ఇరవై ఒక్క రోజులంట!"

ఒకేలాంటి రోగులకు ఒకే తీర్పు అన్నది ధర్మకాటా మూల నియమం. కిందనే ఇంకో వరుస వెలిగింది.

'సమాన రోగులు నాలుగు వేల నూట పన్నెండు మంది. నేటి ఉపసంహరణలు నిలిపివేత.'

పర్యవేక్షకుడు విశ్వంభరరావు గబగబా వచ్చాడు.

"ఏం చేశావమ్మా?"

"ఒక గడి నింపలేదు సార్."

"మర్చిపోయావా?"

అవునంటే సరిపోయేది. "లేదు సార్. కావాలనే."

ఆయన తెర వంక చూశాడు. అక్కడ అప్పలకొండమ్మ మాపకం కవరుని పళ్లతో చింపుతోంది.

"రేపు పదింటికి పైవాళ్ల సమీక్ష ఉంటుంది. ఒక్క ఫారమైతే పొరపాటని కొట్టేస్తారు," అన్నాడు.

"ఎక్కువైతే సార్?"

విశ్వంభరరావు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, పన్నెండు బల్లల వైపూ తిరిగాడు.

"రేపు తొమ్మిదింటికి కాదు, అందరూ ఏడింటికే రండి. పదిలోపు మన ముప్పై ఏడు వార్డుల ఫారాలూ వెళ్లిపోవాలి. దేశం గడి ఎవరూ ముట్టుకోవద్దు."