కూర డబ్బా మీది బొగ్గు

సింధూజ మజ్జిగను కూడా ఊదుకుని తాగే రకం. పిల్లలతో కారెక్కిందంటే ఆ జాగ్రత్త ఇంకా ముదురుతుంది. వెనక తలుపులకు చైల్డ్ లాక్, రెండున్నరేళ్ల నందుకు బేబీ సీటు, ఐదేళ్ల లాస్యకు బెల్టు. గొంతులో ఇరుక్కుంటాయని కారులో పల్లీలు, బఠానీలు బంద్. బెల్టు పెట్టుకోకుంటే బండి కదలదు, అంతే. భర్త ఎంత ఎగతాళి చేసినా ఆమె లెక్కచేసేది కాదు.

ఆ ఆదివారం నాగర్‌కర్నూల్‌లో అన్న కొడుకు పుట్టువెంట్రుకల దావత్. భర్తకు డ్యూటీ పడటంతో ఆమే నడుపుకుంటూ వచ్చింది. గద్వాలకు తిరిగి బయల్దేరేసరికి పొద్దు వాలుతోంది. తల్లి బుజ్జమ్మ మటన్ కూర డబ్బా తెచ్చి, మూత మీద ఒక బొగ్గుముక్క, ఎండుమిర్చి పెట్టి గుడ్డతో కట్టింది.

"పొద్దుగూకే యాల్లకు నీసు తీస్కపోతున్నవ్. ఇల్లు చేరేదాంక ఇది తియ్యకు బిడ్డా."

"సరే అమ్మా," అంటూ సింధూజ డబ్బాను వెనక, పిల్లలిద్దరి మధ్య పెట్టింది. నందు అమ్మమ్మకు టాటా చెప్పాడు. మమ్మీ, బువ్వ, టాటా... వాడికి వచ్చిన మాటలే ఆ మూడు.

వనపర్తి దాటాక అద్దంలో చూస్తే వాడు ఆ గుడ్డ ముడి లాగుతున్నాడు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పిల్లాడు. బొగ్గు గొంతులో అడ్డం పడితే? ఆమె పొలాల పక్కన కారు ఆపి, వెనక తలుపు తెరిచి, బొగ్గునూ మిర్చినీ తీసుకుపోయి గట్టు అవతలికి విసిరేసింది. నాలుగడుగులే కదా అని తలుపు మూయలేదు. తిరిగొచ్చి డబ్బాను ముందు సీటు కింద పెట్టి బయల్దేరింది.

చీకటి పడింది. దారి పొడుగునా వాన వెలిసిన చేలు, కప్పల అరుపులు. ఉన్నట్టుండి డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగి టింగ్ టింగ్‌మని మోగసాగింది. వెనక ఎవరో బెల్టు పెట్టుకోలేదట. అద్దంలో చూసింది. లాస్యకు బెల్టుంది, నందుకూ ఉంది. మధ్య సీటు ఖాళీ. వైరు ఏదో ఊడి ఉంటుందని సర్దిచెప్పుకుంది గానీ మనసు ఒప్పలేదు.

దానికి తోడు ఇంకో అనుమానం. ఆ ఇద్దరూ కొట్టుకోకుండా ఊరు దాటిన రోజు లేదు. పిల్లల కొట్లాట వినబడటం లేదంటే ఎక్కడో కొంప మునుగుతున్నట్టే. ఇప్పుడు వెనక నుంచి గుసగుసలు... కిలకిలా నవ్వులు... కూర వాసనలో ఎక్కడిదో తడిమట్టి వాసన.

"లాస్యా, ఎవరితోని మాట్లాడుతున్నవే?"

"అక్కతోని."

"ఏ అక్క?"

"నువ్వు బొగ్గు పారెయ్యనీకి పోయినవ్ కద మమ్మీ... గప్పుడు ఎక్కింది."

సింధూజకు అద్దంలోకి చూడాలంటే భయం. చూడకుండా ఉండాలన్నా భయమే.

"అక్కకు చెప్పిన," లాస్య గొంతు తగ్గించింది. "బెల్టు పెట్టుకోకుంటే మమ్మీ తిడతదని."

క్లిక్.

మోత ఆగిపోయింది. ఎర్రదీపం ఆరిపోయింది.

ఈ చీకట్లో ఆపాలా? ఆపితే దిగాలి... దిగి వెనక్కి వెళ్లేలోపు... తన పిల్లలు దాని చేతికందేంత దగ్గరున్నారు. ఆపకుండానే కారును కృష్ణ మీది బ్రిడ్జి దాటించి, బీచుపల్లి దీపాల దగ్గర బ్రేకు వేసింది. అక్కడ ఎంకమ్మ అనే ముసలామె మక్కకంకులు కాలుస్తోంది.

"అవ్వా, ఒక్క బొగ్గుముక్క ఇయ్యవా... జర జల్ది."

ఎంకమ్మ ఆమె ముఖం చూసింది, కారులోకి చూసింది. "బండిల నీసున్నదా? పిల్లగాండ్లను పెట్టుకొని గట్లెట్ల వచ్చినవ్ బిడ్డా?" అంటూ ఒక బొగ్గును నీళ్లలో ముంచి ఇచ్చింది.

సింధూజ దాన్ని డబ్బా మీద పెట్టి, గట్టిగా కట్టి, వెనక తలుపు తెరిచింది. మధ్య బెల్టు ఊడి సీటు మీద పడి ఉంది. ఎవరూ లేరు. పిల్లలిద్దరినీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అక్క పోయిందా లాస్యా?"

"బొగ్గు చూసి దాక్కున్నది."

"ఏడ?"

లాస్య తమ్ముడి వైపు ఒకసారి చూసి, కిటికీ పక్కకు జరిగి కూర్చుంది.

ఇల్లు చేరేదాకా మళ్లీ దీపం వెలగలేదు. గద్వాలలో భర్త ఎదురొచ్చి నిద్రపోయిన లాస్యను ఎత్తుకుని లోపలికి వెళ్లాడు. గండం గడిచిందనుకుంటూ సింధూజ ఒక చేత్తో కూర డబ్బా పట్టుకుని, రెండో చేత్తో నందు సీటు బెల్టు విప్పింది. దారిలో వాడు ఒక్కసారి కూడా ఏడవలేదన్న సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

చంకకెత్తుకోగానే వాడు డబ్బాకు దూరంగా ఒరిగి, రెండు చేతులూ ఆమె మెడకు చుట్టి, చెవిలో మెల్లగా అన్నాడు.

"ఆంటీ... ఆ బొగ్గు తీసెయ్యవా?"