చెవి లేని గొర్రెపిల్ల

శనివారం మధ్యాహ్నం ఎండలో, సమాధుల తోట మధ్య నిలబడి జోసీ పళ్ళు నూరుతోంది.

పోయినవాళ్ళను తలుచుకునే మెమోరియల్ డే వస్తోందని కౌంటీ చరిత్ర సంఘం వాళ్ళు పాత సమాధి రాళ్ళు శుభ్రం చేస్తున్నారు. పెద్దలూ పిల్లలూ బకెట్లు, మెత్తటి బ్రష్‌లు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. బ్రాంట్ కుటుంబానికి చెందిన పాలరాతి స్తంభం కడిగారు. పాత మేయరుగారిది కడిగారు. కంచె పక్కన గొర్రెపిల్ల బొమ్మతో ఉన్న చిన్న రాయిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

అది ఆగ్నెస్‌ది. జోసీ ముత్తాతకు చెల్లెలు. రెండేళ్ళకే పోయింది. ఆ పిల్లకు ఫోటో లేదు, గౌను లేదు. మిగిలిందల్లా నాచు పట్టిన ఆ రాయి మీదున్న పేరే.

"మా రాయి చూశావా? మీది కుళ్ళిన బంగాళాదుంపలా ఉంది," అన్నాడు కోల్ బ్రాంట్. జోసీ క్లాసే వాడిది.

జోసీకి ఒళ్ళు మండింది. తిన్నగా సంఘం పెద్ద మిసెస్ హౌసర్ దగ్గరికి వెళ్ళింది.

"మా ఆగ్నెస్‌ని ఎందుకు వదిలేశారండీ? మేం గొప్పవాళ్ళం కాదనా?"

"వదిలేయలేదమ్మా. ఆ రాయి బాగా మెత్తబడింది, పొడి రాలుతోంది. రాళ్ళ పని తెలిసినాయన వచ్చి చూసేదాకా ముట్టుకోకూడదు."

"ఎప్పుడొస్తాడాయన?"

"జూన్‌లో."

అంటే మెమోరియల్ డే అయిపోయాక. అందరి రాళ్ళ దగ్గరా పువ్వులు పెట్టేరోజున ఆగ్నెస్ మాత్రం నాచులో ఉండాలి. బ్రాంట్ వాళ్ళదైతే ఇలాగే ఆపేవారా? మిసెస్ హౌసర్ చెప్పిన కారణాన్ని జోసీ నమ్మలేదు.

అందరూ చర్చి హాల్లో శాండ్‌విచ్‌లు తినడానికి వెళ్ళారు. జోసీ వెళ్ళలేదు. నాన్న పికప్ ట్రక్కులోంచి ఇనప తీగల బ్రష్, బ్లీచ్ సీసా తెచ్చింది. కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని రుద్దింది. నాచు పోయి రాయి తెల్లబడుతుంటే ఇంకా గట్టిగా రుద్దింది.

ఏదో టప్పున రాలింది. గొర్రెపిల్ల చెవి.

జోసీ ఆగి చూసింది. బ్రష్ నిండా పంచదారలాంటి తెల్లటి పొడి. అక్షరాలు ఉన్నచోట రాయి నున్నగా ఉంది.

"ఏం చేశావు జోసీ?" వెనక మిసెస్ హౌసర్. ఆవిడ ముఖం ఎర్రబడింది. "ముట్టుకోవద్దని చెప్పానా లేదా? నూరేళ్ళు వానకీ మంచుకీ ఆగిన రాయి. ఒక్క పూటలో అరగదీశావు."

జోసీకి ఏడుపు ముంచుకొచ్చింది.

మిసెస్ హౌసర్ తిట్టడం ఆపలేదు. తిడుతూనే మంచినీళ్ళతో బ్లీచ్ అంతా కడిగింది. తర్వాత కారులోంచి ఒక పెద్ద అద్దం తెచ్చి ఎండకు పట్టింది. వెలుగు రాయి మీద ఏటవాలుగా పడింది. నున్నటి రాతిలోంచి అక్షరాల సన్నటి నీడలు లేచాయి. ఆగ్నెస్. అంతే.

"కింద ఇంకో వరస ఉండాలండీ. మా ఇంటిపేరు."

"ఉండేది. పోయింది." ఆవిడ అద్దం దించింది. గొంతు తగ్గించి అంది, "నువ్వన్నదాంట్లో ఒకటి నిజం. పెద్ద పెద్ద రాళ్ళ దగ్గరే మొదలుపెట్టాం. అది మా తప్పు. వచ్చే శనివారం కంచె వైపు నుంచి చేద్దాం. నువ్వూ రా. బ్రష్ నేనిస్తాను."

జోసీ ప్రతి శనివారమూ వెళ్ళింది.

మెమోరియల్ డే పొద్దున్నే ఆగ్నెస్‌కి పువ్వులు తెచ్చేసరికి బ్రాంట్ స్తంభం దగ్గర మోటారు చప్పుడు వినబడింది. కోల్ వాళ్ళ తాత ప్రెషర్ వాషర్ తెచ్చాడు, పొలంలో ట్రాక్టరు కడగడానికి నీళ్ళు జోరుగా చిమ్మే మిషన్. కోల్ గొట్టం లాగుతున్నాడు.

'కానివ్వండి. బాగా కొట్టండి నీళ్ళు,' అనుకుంది జోసీ. వాడి ముఖం ఎలా మాడుతుందో చూడాలనిపించింది. అప్పుడే స్తంభం అడుగున చిన్న అక్షరాలు కనిపించాయి. అవి కూడా ఏడాదికో రెండేళ్ళకో పోయిన పసిపిల్లల పేర్లే.

ఆమె పరుగెత్తి వెళ్ళి రాయికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో పిల్లా," అన్నాడు ముసలాయన. "సంఘం వాళ్ళు కడిగినా ఇంకా బూడిదరంగులోనే ఉంది. మా రాయి, మా ఇష్టం."

"ముందు ఒకటి చూడండి తాతగారూ. తర్వాత మీ ఇష్టం."

ఇద్దరినీ కంచె దగ్గరికి తీసుకెళ్ళింది. చెవి లేని గొర్రెపిల్లను చూపించింది. సంచిలోంచి చిన్న అద్దం తీసి ఎండకు పట్టింది. పేరు ఒక్క క్షణం కనిపించి, అద్దం కదలగానే మాయమైంది.

"ఇనప బ్రష్‌తో నేనే గోకాను. మీ మిషన్ ఇంకా గట్టిది."

ముసలాయన టోపీ తీశాడు. తర్వాత వెళ్ళి మోటారు ఆపేశాడు.

కోల్ గొర్రెపిల్ల తలను ఒక వేలితో తాకాడు. "ఆ రోజు బంగాళాదుంప అన్నాను కదా..."

"అన్నావు. నాకింకా కోపంగానే ఉంది," అంది జోసీ. తన మెత్తటి బ్రష్ తీసి వాడి చేతిలో పెట్టింది. "ముందు నీళ్ళు పట్రా. పైనుంచి కాదు, అడుగునున్న పిల్లల పేర్ల దగ్గర మొదలుపెడదాం."