నడుము అర అంగుళం

పొద్దున్నే భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచేసరికి టీ కప్పు పెట్టుకోవడానికి కూడా చోటు మిగల్లేదు. బస్సు డ్రైవరుగారికి ఆ రోజు సెలవు. ఇంట్లో ముగ్గురూ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. గడిచిన ఐదేళ్లూ వలసవచ్చిన ఈ దేశంలోనే ఉన్నామని ఎవరికి వారు, ఏడాదికేడాది, కాగితంతో రుజువు చూపాలి. డ్రైవరుగారికి కాగితాలంటే మహా ప్రీతి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, జీతం చీటీలు, ఆఖరికి టీవీ గ్యారంటీ కార్డు కూడా తేదీల వరసన ఫైల్లో పెట్టి మురిసిపోతున్నాడు.

"మనకేం ఢోకా లేదు. ఆఫీసరు అడగడమే ఆలస్యం," అన్నాడు టీ ఊదుకుంటూ.

కాలేజీలో చదివే కూతురు కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ ఆగిపోయింది.

"నాన్నా, ఇవన్నీ నీ పేరు మీదే ఉన్నాయి. నాకైతే చదువు సర్టిఫికెట్లున్నాయి. మరి అమ్మకి?"

"అమ్మ ఎక్కడికి పోయిందే? మనతోనేగా ఉంది!"

"ఆ మాట నోటితో చెబితే వాళ్లు ఒప్పుకోరు. అమ్మ బట్టల షాపులో చేరి రెండేళ్లే అయింది. అంతకుముందు మూడేళ్లకీ అమ్మ పేరున్న కాగితం ఒక్కటి లేదు."

కుట్టుమిషను దగ్గరున్న ఇల్లాలు తల ఎత్తలేదు. షాపులో చేరకముందు ఆవిడ ఇంట్లోనే ఇరుగుపొరుగు వాళ్లకు బట్టలు కుట్టిపెట్టేది. వీధి వీధంతా ఆవిడను టైలరమ్మ అనే పిలుస్తుంది.

"ఆస్పత్రి వాళ్లు ఏటా పరీక్షలకు రమ్మని నీకు ఉత్తరాలు పంపేవారు కదే. అవేవీ?" అన్నాడు డ్రైవరుగారు.

ఆవిడ నసిగింది. "మంచి దళసరి కాగితమండీ అవి. పేపర్ కటింగులకు బాగుంటుందని వాడేశాను."

"ఏం చేశావూ?"

"చేతులకీ కాలర్లకీ... కొలతలు కత్తిరించుకున్నాను."

డ్రైవరుగారు ఒంటికాలి మీద లేచాడు. "బుద్ధున్నవాళ్లు చేసే పనేనా అది? నేను పెట్రోలు బంకు రసీదు కూడా దాస్తాను, నువ్వు ఆస్పత్రి ఉత్తరానికి కత్తెర వేస్తావా? ఇక చేసేదేముంది! నేనూ అమ్మాయీ ఇప్పుడు పెట్టుకుంటాం. నువ్వు ఇంకో మూడేళ్లాగి పెట్టుకో."

మిషను చప్పుడు ఆగిపోయింది.

"పెట్టుకోండి," అంది ఆవిడ. "అద్దె కాగితం రాసేటప్పుడు నా పేరు కూడా వేయించమన్నాను. నీకెందుకే ఆ తలనొప్పి, నేను చూసుకుంటాగా అన్నారు. కరెంటుకీ అదే మాట. నిజంగానే చూసుకున్నారు, కాదనను. కానీ నేనీ ఇంట్లో ఉన్నానని చెప్పడానికి ఒక్క ముక్క లేదు. ఇన్నాళ్లూ నేను లేనట్టేనా?"

ఆవిడ లేచింది. సంచీ భుజాన వేసుకుని షాపుకు వెళ్లిపోయింది. తలుపు మాత్రం ఎప్పటిలాగే మెల్లగా మూసింది. దానికే డ్రైవరుగారికి ఎక్కువ బాధేసింది.

"అనాల్సిన మాటేనా నాన్నా అది?" అంది కూతురు.

ఆయన మిషను పక్కన కూలబడి, దాని కిందున్న గుడ్డసంచీ బయటికి లాగాడు. నిండా పేపర్ కటింగులే. ఒక్కోదాని మీద పెన్సిలుతో ఆవిడ గుండ్రటి తెలుగు. 'రొట్టెల కొట్టు తాత. కుడిచెయ్యి కాస్త పొట్టి.' 'పై వాటా టీచరమ్మ. భుజం ఎగుడు దిగుడు.' తిరగేస్తే ఆస్పత్రి ముద్ర, తేదీ, ఆవిడ పేరులో సగం.

తండ్రీ కూతుళ్లు నేల మీద బోర్లా పడుకుని ముక్కకు ముక్క అతికించడం మొదలుపెట్టారు. తాత చొక్కా చేతికి టీచరమ్మ కాలరు కలిస్తే ఒక ఉత్తరంలో సగం తయారైంది.

"నాన్నా, వీళ్లంతా ఈ వీధిలోనే ఉన్నారుగా! ఆ ఏడు అమ్మ తమకు బట్టలు కుట్టిందని సంతకం పెట్టి రాసిస్తే అదీ సాక్ష్యమే," అంది కూతురు హుషారుగా.

ఆయన వినిపించుకోలేదు. చేతిలో ఉన్న మూడు ముక్కల్నే చూస్తున్నాడు. మూడూ ఒకే ప్యాంటు కొలతలు, ఏడాదికొకటి.

'ఆయన యూనిఫాం. నడుము అర అంగుళం పెంచాలి. ఆయనతో అనకూడదు.'

'మళ్లీ అర అంగుళం. తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు.'

'ఈసారి ముప్పావు. ఇస్త్రీ చేశానని చెప్పాలి.'

తన నడుము అంగుళం కూడా పెరగలేదని డ్రైవరుగారు డిపోలో కనిపించిన వాళ్లందరికీ గొప్పలు చెప్పుకునేవాడు.  కూతురు చూస్తుందని కూడా అనుకోకుండా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

సాయంత్రం షాపు మూసేవేళకు వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తప్పయిపోయిందే. పెట్టుకుంటే ముగ్గురం కలిసే పెట్టుకుందాం."

ఆవిడ ఆయన ప్యాంటుకు అంటిన దారప్పోగులు చూసింది. "నా సంచీ కెలికారా?"

"కెలికాను."

"అంతా చదివారా?"

"చదివాను."

ఆవిడ సిగ్గుపడి పక్కకు తిరిగి నవ్వేసింది.

వారం రోజులు డ్రైవరుగారు డ్యూటీ దిగగానే ఇల్లిల్లూ తిరిగి సాక్ష్యం ఉత్తరాలు రాయించుకొచ్చాడు. ఆ మూడు ముక్కలు అతికితే గానీ ఆస్పత్రి ఉత్తరాలు పూర్తి కావు. ఫైల్లో పెడితే మీద ఆవిడ తెలుగులో రాసిందంతా అనువాదం చేయించి ముద్ర వేయించాలి.

"వద్దులెండి, నలుగురూ నవ్వుతారు," అంది ఆవిడ.

"నవ్వనీ," అన్నాడాయన.

దరఖాస్తు ఇచ్చే రోజు ఆఫీసులో కిటికీ అవతల ఆఫీసరమ్మ అనువాదం చదివి, కళ్లద్దాల పైనుంచి డ్రైవరుగారి నడుము వంక చూసింది. మామూలుగా అయితే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాడే. ఆ రోజు లాక్కోలేదు.

"అయితే ఈ ఐదేళ్లూ ఈవిడ మీ ఇంట్లోనే ఉన్నారా?" అడిగింది ఆఫీసరమ్మ.

"లేదండీ," అన్నాడు.

ఇల్లాలు గతుక్కుమంది. కూతురు నోరు తెరిచింది.

"మేమిద్దరమే ఆవిడింట్లో ఉన్నాం."

"తిన్నగా చెప్పండీ!" అని ఇల్లాలు ఆయన్ని గట్టిగా మోచేత్తో పొడిచింది. ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంటూ మూడు రసీదుల మీద మూడు ముద్రలు కొట్టింది.

బయట మెట్ల మీద ఆవిడ తన పేరున్న రసీదును మళ్లీ మళ్లీ చదువుకుంది. డ్రైవరుగారు చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు, దాస్తాను. నీ కత్తెరతో నాకు భయం."

"నేనే దాచుకుంటాను," అంటూ ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రెండు మెట్లు దిగాక ఆయన మెల్లగా అడిగాడు. "ఈసారి ఎంత పెంచాలే?"

"ఒక అంగుళం," అంది ఆవిడ.